జతలేని సాక్సుల బుట్ట

మూడో మిషను చివరి తిప్పుడు తిప్పి, దమ్ము మనిషి దగ్గినట్టు ఒక్క కుదుపు కుదిపి ఊరుకునే సరికి లీలారాణి అప్పటికే దాని ముందు గంప పెట్టుకుని నించుని ఉంది. పొద్దున్న ఏడున్నర. బయట ఇంకా చీకటి విడలేదు. నవంబరు వచ్చిందంటే డబ్లిన్‌కి పడమరనున్న ఈ ఎన్నిస్ ఊళ్ళో సూర్యుడు కూడా డ్యూటీకి ఆలస్యంగానే వస్తాడు. ఊరి చివర ఆ వృద్ధాశ్రమంలో నలభై ఇద్దరు ముసలివాళ్ళు. వాళ్ళు కప్పుకున్నవీ, కట్టుకున్నవీ, తడుపుకున్నవీ అన్నీ వెనకవైపున్న ఈ గదికే వస్తాయి. ఈ గదిలోంచి మళ్ళీ మనుషుల బట్టల్లా బయటికి వెళతాయి.

పొట్టి మనిషి. యాభై నాలుగేళ్ళు. మణికట్లు మాత్రం మగవాళ్ళ మణికట్లంత ఉంటాయి. బ్లీచింగు నీళ్ళకి వేళ్ళ కొసలు పాలిపోయి, గోళ్ళ చుట్టూ చర్మం పొరలు లేచి ఉంటుంది. ఎడమ ముంజేతి మీద ఇస్త్రీపెట్టె మొనలాంటి మచ్చ. అది కువైటులో పడింది. నడుముకి బెల్టు, అది ఇక్కడ వచ్చింది. నాలుగేళ్ళ క్రితం ముసలివాళ్ళకి సేవ చేసే పనికని ఏజెంటు ద్వారా వచ్చింది. రెండో ఏడు ఒక భారీ మనిషిని మంచం మీదికి జరపబోతే నడుం పట్టేసింది. అప్పట్నుంచి ఈ గదిలో వేశారు. మనుషుల్ని ఎత్తే పని పోయి, మనుషుల బట్టల్ని ఎత్తే పని వచ్చిందన్న మాట.

ఆ పనిలో అన్నిటికంటే ముఖ్యమైంది పేరుపట్టీ. కొత్తగా చేరిన ముసలావిడ పెట్టె విప్పగానే ప్రతి బట్టకీ తెల్లటి చిన్న పట్టీ, దాని మీద పేరు, గది నంబరు, వేడి ఇస్త్రీతో అంటించెయ్యాలి. పట్టీ లేని బట్ట ఆ ఇంట్లో ఎవరిదీ కాదు. అన్నీ పట్టీల ప్రకారం సర్దెయ్యొచ్చు గానీ, సాక్సులతోనే చిక్కు. ముసలాళ్ళందరివీ నేవీబ్లూవే. ఉతగ్గా ఉతగ్గా పట్టీలు ఊడొస్తాయి. పక్కపక్కన పెడితే అన్నీ ఒకేలా ఉంటాయి. అప్పుడు లీలారాణి వాటి లోపలికి చెయ్యి పెట్టి చూస్తుంది: మడమ ఎక్కడ అరిగింది, పైన సాగే పట్టు ఎంత వదులైంది, ఏ కాలు లాగి నడిచే మనిషిది. అప్పుడు జత కలుపుతుంది. తేలనివాటిని కిటికీ కింద బుట్టలో వేస్తుంది. చూడ్డానికి ఒకేలా ఉన్నంత మాత్రాన జత కాదని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా మాటల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ సంగతి మరిచిపోయేది.

మాటల గొడవ వేసవిలో మొదలైంది. పధ్నాలుగో గదిలో కాన్సిడైన్ గారని ఒక పెద్దాయన ఉన్నాడు. ఎనభై తొమ్మిదేళ్ళు. ఎన్నిస్‌లోనే ముప్పై ఏళ్ళు పిల్లలకి లాటిన్ చెప్పి, అంతకు ముందు కుర్రతనంలో నాలుగేళ్ళు బహ్రెయిన్‌లో బడి పంతులుగా చేశాడు. గొంతు సన్నం, మనిషి సన్నం. ముక్కు ఒక్కటే నిండుగా మిగిలింది. ఒకరోజు లీలారాణి బట్టలు బీరువాలో సర్దుతూ, తనలో తను మాట్లాడుకున్నట్టే, "హౌసూ, హోషూ ఒకటేనేమో కదండీ?" అంది. కువైటులో ఇంటి ముందు వాకిలిని హోష్ అంటారు. ఆ వాకిలి ఆవిడ పంతొమ్మిదేళ్ళు కడిగింది.

పెద్దాయన మొహం వెలిగిపోయింది. రెండేళ్ళుగా ఆ గదిలోకి వచ్చినవాళ్ళందరూ ఆయన్ని అడిగింది ఒకటే: బాత్రూముకి వెళ్ళారా అని. ఇంకో ప్రశ్న అడిగినది ఈవిడే.

"ఒకటి కాదు. ఒకేలా వినిపించడం వేరు, చుట్టరికం వేరు. ఏ దారిన వచ్చిందో అడగాలి," అన్నాడు. మంచం పక్కనున్న లావుపాటి నిఘంటువు తెరిపించి, భూతద్దం పెట్టి చూపించాడు.

అప్పట్నుంచి ఇద్దరికీ అదే పని. లీలారాణి ఆరో క్లాసు చదివింది. వంద పేజీల నోటు పుస్తకం కొని, అరబ్బు మాట ఒకవైపు, ఇంగ్లీషు మాట ఒకవైపు తెలుగు అక్షరాలతో రాసేది. బట్టలిచ్చే వంకన పైకి వెళ్ళి చదివి వినిపించేది. ఆయన ఎర్ర పెన్సిలుతో చుట్టాలైతే టిక్కు, కాకపోతే ఇంటూ పెట్టేవాడు. సుక్కర్, షుగర్: టిక్కు. గుటున్, కాటన్: టిక్కు. అర్ద్, ఎర్త్: ఇంటూ. తవీల్, టాల్: ఇంటూ. ఇంటూ పడిన రోజున లీలారాణి మూతి ముడుచుకుని మెట్లు దిగేది. టిక్కు పడిన రోజున కిందకొచ్చి రెండు గంపలు ఎక్కువ మడతపెట్టేది.

నారింజ రోజైతే చెప్పనే అక్కర్లేదు. "ఇది మీ వైపే పుట్టింది," అన్నాడాయన. "మీ దగ్గర నారింజ. అరబ్బుల చేతికొచ్చి నారంజ్ అయింది. అక్కణ్ణించి మా దాకా వచ్చేసరికి నెత్తిమీది అక్షరం ఊడిపోయి ఆరెంజ్ అయింది."

"దానికి వీసా ఎవరిచ్చారండీ?"

ఆయన నవ్వి, దగ్గి, కళ్ళు తుడుచుకుని, "ఎవరూ ఇవ్వలేదు. తియ్యగా ఉంది, రానిచ్చారు," అన్నాడు.

లీలారాణి ఆ మాట చాలా రోజులు నంజుకుంది. తనూ అదే దారిన వచ్చింది మరి. రాజోలు దగ్గర పల్లె నుంచి కువైటు, కువైటు నుంచి ఇక్కడికి. అక్కడొక బతుకు, ఇక్కడొక బతుకు, ఇంటి దగ్గర మిగిలిపోయినదొకటి. వీటికి ఒకదానితో ఒకటి పలకరింపు లేదు. మాటలకైనా చుట్టరికం కలిస్తే తన ముక్కలూ ఎక్కడో ఓ చోట కలుస్తాయేమోనని ఆవిడ ఆశ. పిచ్చి ఆశే. కానీ నాలుగు గోడల మధ్య మిషన్ల మోతలో పొద్దస్తమానం నించునే మనిషికి అలాంటిది ఒకటి ఉండాలి.

నాలుగు రోజుల క్రితం, శుక్రవారం నాడు, ఆఖరి పేజీలో మూడు మాటలు రాసి, చదివి వినిపించి, పుస్తకం ఆయన దగ్గరే వదిలేసి వచ్చింది. అరబ్బుల ఉమ్మ్. ఇంగ్లీషువాళ్ళ మామ్. పక్కనే మన అమ్మ.

ఇవాళ మంగళవారం. జవాబు వచ్చే రోజు. ఏప్రన్ జేబులో లీవు కాయితం కూడా ఉంది. కూతురు నిస్సీ లిమరిక్‌లో నర్సు, అల్లుడు జయకర్‌తో అక్కడే ఉంటోంది. డిసెంబరు పదిన కాన్పు అన్నారు. రెండు వారాలు సెలవు కావాలని లీలారాణి నింపి పెట్టుకుంది. నాలుగు గంటల్లోగా మేనేజరు షివాన్ చేతికివ్వాలి. ఇచ్చేముందు కూతురు ఒక్క మాట, "రా" అని అనాలి. ఎన్నిస్‌కీ లిమరిక్‌కీ మధ్య బస్సులో గంట కూడా పట్టదు. ఆ మాట కోసం నెల రోజులుగా ఫోను దిండు కింద పెట్టుకునే పడుకుంటోంది.

నిస్సీకి మూడేళ్ళప్పుడు తండ్రి పోయాడు. ఆ ఏడే లీలారాణి విమానం ఎక్కింది. పిల్ల లీలారాణి అక్క సత్యవాణి దగ్గర పెరిగింది. రెండేళ్ళకోసారి సెలవుకి వెళితే, పిల్ల సత్యవాణి చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుని ఒక కన్నుతో చూసేది. "అమ్మ దగ్గరికి వెళ్ళవే," అని సత్యవాణి అంటే, పిల్ల సత్యవాణి మొహమే చూసేది. చివరికి పెద్దవాళ్ళే ఒక ఏర్పాటు చేశారు: సత్యవాణి అమ్మ, లీలారాణి మమ్మీ. ఫోనులో పిలవడానికి ఆ పేరు బాగానే ఉండేది.

అక్కడ కువైటులోనేమో యజమానురాలిని లీలారాణే మామా అని పిలవాలి. పనివాళ్ళందరూ అలాగే పిలుస్తారు. ఆ ఇంట్లో నలుగురు పిల్లల్ని చేతుల మీద పెంచింది. కడగొట్టు పిల్ల పేరు దానా. ఓసారి దానికి జ్వరం వచ్చి, ఒళ్ళు తెలియని మత్తులో లీలారాణి మెడ పట్టుకుని "యుమ్మా, యుమ్మా" అంది, అక్కడి భాషలో అమ్మా అని. గుమ్మంలో యజమానురాలు నించుని ఉంది. మర్నాడు పిల్ల మంచం పై అంతస్తుకి మారిపోయింది. లీలారాణికి పై అంతస్తు పని తీసేశారు.

పదిన్నరకి డ్రయ్యర్‌లోంచి కాన్సిడైన్ గారి బూడిదరంగు కార్డిగన్ స్వెట్టరు తీసింది. అది ఆవిడ రోజూ చేసే పని. వేడిగా ఉండగానే పరుగున తీసుకెళ్ళి ఆయన మోకాళ్ళ మీద కప్పితే, ఆయన రెండు చేతులూ దాని కిందకి దూర్చి "గ్రాండ్" అంటాడు. ఈ ఊళ్ళో బాగుంటే గ్రాండ్, బాగోకపోయినా గ్రాండ్. కానీ ఆయన అన్నప్పుడు నిజంగానే బాగున్నట్టుండేది.

పెద్దాయన కిటికీ పక్క కుర్చీలో ఒరిగి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. పుస్తకం ఒళ్ళో ఉంది.

"మాస్టారూ, చూశారా అండీ?"

మాస్టారూ అంటే ఏమిటో ఆయనకి ఎప్పుడో చెప్పింది. ఆ పిలుపు ఆయనకి ఇష్టం. "చూశాను. కూర్చో."

"కూర్చుంటే షివాన్ ఊరుకోదండి. చెప్పేయండి."

"కష్టమైన ప్రశ్న కాదు లీలా. నీకు చెప్పడమే కష్టం, అందుకే నాలుగు రోజులు వాయిదా వేశాను."

"చుట్టాలేనా?"

"కాదు."

లీలారాణి కార్డిగన్ గుండెలకి పట్టుకుని అలాగే నించుంది. "అదేంటండీ! మూడూ ఒకటే కదా. గుడ్డివాడు విన్నా చెప్తాడు."

ఆయన ఊపిరి కూడదీసుకుని, ఒక్కో మాటా పేర్చినట్టు చెప్పాడు. "పాలకోసం వెతికే నోరు మూసి తెరిస్తే వచ్చే చప్పుడది. ఏ దేశపు బిడ్డైనా సొంతంగా చేస్తుంది. ఒకళ్ళ దగ్గర్నుంచి ఇంకొకళ్ళు తెచ్చుకున్నది కాదు. బిడ్డ ఎవర్నీ పిలవదు లీలా. దగ్గర ఎవరుంటే వాళ్ళు అది తమ పేరే అనుకుంటారు."

"దగ్గర ఎవరుంటే వాళ్ళా?"

"అంతే. పెన్సిలు ఏదీ, గుర్తు పెడతాను." ఆయన చెయ్యి పెన్సిలు కోసం బల్ల మీద తడుముకుంది.

లీలారాణి ఆయన ఒళ్ళోంచి పుస్తకం లాగేసుకుంది. "అక్కర్లేదండి! పుస్తకాల్లో ఉన్నదే అంతా అనుకుంటారు మీరు. మీకూ ఉందిగా కూతురు, డబ్లిన్‌లో. ఈస్టర్‌కి వచ్చి వెళ్ళిన మనిషి మళ్ళీ ఇటు మొహం చూపించిందా? మీకేం తెలుసండీ చుట్టరికాల సంగతి!"

పెద్దాయన కోప్పడలేదు. "నిజమే, తెలీదు," అన్నాడు. చేతులు దగ్గరికి లాక్కుని, "ఇక్కడ చలిగా ఉంది," అన్నాడు.

కార్డిగన్ ఇంకా వెచ్చగానే ఉంది. లీలారాణి దాన్ని మంచం అంచున పెట్టి, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయింది.

పన్నెండున్నరకి గిన్నెలో పప్పన్నం కలుపుకుంటుంటే ఫోను మోగింది.

"మమ్మీ, తిన్నావా?"

"తింటన్నానమ్మా. నువ్వు తిన్నావా? కాళ్ళ వాపు తగ్గిందా?"

"ఆ, పర్లేదు. మా వార్డువాళ్ళే స్కాన్ చేశారు, ఆల్ గుడ్ అన్నారు."

"నిస్సీ, లీవు కాయితం రాసి జేబులోనే పెట్టుకున్నానే. నాలుగింటికల్లా ఇచ్చేయాలంట. ఏ తారీకు నుంచి రమ్మంటావు?"

అవతల టీవీ చప్పుడు వినిపించింది. తర్వాత దాన్ని ఎవరో తగ్గించారు.

"అది చెప్దామనే చేశా మమ్మీ. అమ్మకి వీసా వచ్చేసింది. ఇరవై ఎనిమిదిన డబ్లిన్‌లో దిగుతుంది. జయకర్ వెళ్ళి తీసుకొస్తాడు."

"అక్కకా?" లీలారాణి అన్నం ముద్ద గిన్నెలో పెట్టేసింది. "ఎప్పుడు పెట్టారే వీసాకి?"

"సెప్టెంబర్లో. వస్తుందో రాదో తెలీక నీకు చెప్పలేదు. నీకా, డ్యూటీలు. పైగా నీ బ్యాక్ పెయిన్. పసిపిల్లకి నూనె రాసి, కాళ్ళ మీదేసుకుని నీళ్ళు పోయడం అంటే మాటలా? అమ్మకైతే అలవాటు."

"నాకూ అలవాటేనే. నలుగుర్ని పెంచాను ఈ చేతుల్తో."

"అక్కడా?" అంది నిస్సీ.

ఆ పిల్ల దెప్పుదామని అనలేదు. ఊరికే అడిగింది, అంతే. లీలారాణి అన్నం అంటిన వేళ్ళు గిన్నె అంచుకి తుడుచుకుంది.

"ఆదివారాలు రా మమ్మీ. చూసి పోదువు గాని. సరేనా? ఏమనుకోకు."

"ఏమనుకుంటానే? అక్క చలికోటు తెచ్చుకుంటుందో లేదో, నాది ఒకటుంది, ఇస్తాలే." ఆఖర్న "గ్రాండ్," అంది.

పప్పన్నం చెత్తబుట్టలో వేసి గిన్నె కడిగేసింది. నాలుగో మిషను నింపింది. దిండు గలీబులు మడత పెడుతుంటే ఒకటికి రెండుసార్లు మడత తప్పింది. దగ్గర ఎవరుంటే వాళ్ళు. పెద్దాయన ఆ మాట అన్నది పొద్దున్న పదిన్నరకి. రెండు గంటలు తిరక్కుండానే నిజమైపోయింది. ఆయన మీద కోపం పోయి, ఆ చోట సిగ్గు మిగిలింది. పాపం, చలిగా ఉందన్నాడు. ఏ రోజూ లేనిది, కప్పకుండా వచ్చేసింది. పైకి వెళ్ళి మీరన్నదే రైటండీ అని చెప్పాలి, పెన్సిలు చేతికిచ్చి ఆ ఇంటూ పెట్టించుకోవాలి, కార్డిగన్ మళ్ళీ డ్రయ్యర్‌లో తిప్పి కప్పాలి అనుకుంది. రెండున్నరకి పుస్తకం ఏప్రన్‌లో పెట్టుకుని, నేల తుడిచే గుడ్డల బండి తోసుకుంటూ పెరటి దారిన బయల్దేరింది.

ఆ ఇంట్లో శీతాకాలం కిటికీలు తెరవనివ్వరు. ముసలివాళ్ళకి గాలి తగిలితే ఇంకేమైనా ఉందా? ఒక్కందుకే తెరుస్తారు. మనిషి పోయాక ప్రాణం బయటికి వెళ్ళడానికి దారి ఉండాలని ఈ ఊరివాళ్ళ నమ్మకం. వాన కొడుతున్నా సరే, ఆ గది కిటికీ బార్లా తీసేస్తారు. వెనకగదిలో పనిచేసే లీలారాణికి చావు కబురు ఎవరూ వచ్చి చెప్పరు. పెరట్లోంచి తలెత్తి చూస్తే తెలిసిపోతుంది.

పై అంతస్తులో ఎడమనుంచి మూడో కిటికీ, పధ్నాలుగో గదిది, తెరిచి ఉంది. తడిసిన కర్టెను కొస బయటికి వచ్చి గోడకి అంటుకుపోయింది.

బండి వదల్లేదు. రెండు చేతులూ దాని మీదే ఉంచి వానలో నించుంది. సన్నని తుంపర. ఏ ఇల్లు, ఏ వాకిలి, ఎక్కడెక్కడి వాకిళ్ళలో ఇలా చేతికి పని పట్టుకుని నించున్నానో అనుకుందేమో, ఏమో. తర్వాత బండిని గోడవారకి తోసి, మిషను గంట మోగుతోందని లోపలికి వెళ్ళింది.

నాలుగు గంటలకి షివాన్ వచ్చింది. మంచి మనిషే, ఎప్పుడూ పరుగు మీద ఉంటుంది.

"లీలా, సెలవు అడిగావుగా. కాయితమేది?"

"వద్దండి. అవసరం లేదు."

"అదేమిటి, మనవరాలో మనవడో వస్తున్నారన్నావు?"

"చూసుకోడానికి మనిషి ఉందండి."

"గ్రాండ్," అని షివాన్ వెళ్ళిపోయింది.

మనిషి పోతే ఆ ఇంట్లో ఇంకో మర్యాద కూడా ఉంది. శవపెట్టెని వెనకదారిన దొంగతనంగా పంపరు. గంట కొడతారు. నర్సులు, వంటవాళ్ళు, తోటమాలి అందరూ ఎక్కడి పని అక్కడ ఆపి వచ్చి, ముందు వసారాకి రెండువైపులా వరస కడతారు. ఆ మధ్యలోంచి పెట్టె ముందు గుమ్మం దాటుతుంది. లీలారాణి నాలుగేళ్ళలో ఎంతమందికి నించుందో. అయితే డ్రయ్యర్ల మోతలో గంట వినపడదు. ఎవరో ఒకరు వచ్చి పిలవాలి. ఇవాళ ఆవిడ చేతులు కడుక్కుని, తల దువ్వుకుని, ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించి, తలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఐదయింది. ఐదుంబావు. ఇక ఉండలేక తువ్వాళ్ళ దొంతర ఒకటి చంకన పెట్టుకుని వసారాలోకి వెళ్ళేసరికి అందరూ ఎవరి పనులకి వాళ్ళు చెదిరిపోతున్నారు. ముందు గుమ్మం తలుపు మూస్తున్నారు. అద్దంలోంచి నల్లకారు ఎర్రదీపాలు గేటు దాటుతూ కనిపించాయి.

"అదేంటి ఆంటీ, నువ్వు లేవా?" పై అంతస్తులో చేసే గుంటూరు పిల్ల మార్తా కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "అయ్యో, లైన్లో నా వెనకే ఉన్నావనుకున్నా. అందరూ ఒకే నీలం టాపుల్లో ఉన్నారుగా, చూసుకోలేదు."

"పర్లేదులేమ్మా. ఎప్పుడు పోయారు?"

"లంచ్ పట్టుకెళ్ళేసరికే. కుర్చీలోనే. చేతులు మంచులా ఉన్నాయి ఆంటీ."

మార్తా కాసేపటికి బట్టల సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. "వాళ్ళమ్మాయి రేపు వస్తుందంట. బట్టలు చారిటీ షాపుకి ఇచ్చేయమని ఫోన్లో చెప్పింది."

చారిటీకి పంపేవాటి మీద పేరుపట్టీలు ఉండకూడదు. ఎవరో కొనుక్కుని వేసుకుంటారు. పోయినవాళ్ళ పేరు ఒంటికి గుచ్చుకుంటుంది. లీలారాణి చిన్న కత్తెర తీసింది. చొక్కాలు ఆరు. పంట్లాములు నాలుగు. అన్నిటికంటే పైన కార్డిగన్, పొద్దున్న తను పెట్టిన మడత పెట్టినట్టే ఉంది. ఎవరూ విప్పలేదు. ఆ మడతలోకి చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది.

తను అంటించిన పట్టీలన్నీ తనే ఒక్కొక్కటిగా ఊడదీసింది. బల్ల మీద తెల్లగా చిన్న పోగు అయింది. జేబులోని లీవు కాయితం తీసి, దాన్లో ఆ పోగంతా పొట్లం కట్టి చెత్తబుట్టలో వేసింది. పుస్తకం తెరిచి ఆఖరి పేజీ చూసింది. మూడు మాటలూ మూడు వైపులా ఉన్నాయి. గుర్తు పెట్టే చోటు ఖాళీ. ఎర్ర పెన్సిలు పైనే ఉండిపోయింది. జేబులో నీలం పెన్ను ఉంది. కానీ ఎన్నడూ తను పెట్టిన గుర్తు కాదది. మూసేసి సంచిలో వేసుకుంది.

ఆరున్నర బస్సుకి టైమవుతోంది. ఆఖర్న సాక్సులు. లోపలికి చెయ్యి పెట్టి, మడమలు చూసి, జతలు కలిపి వాటి పట్టీలూ తీసింది. ఏడు జతలు చారిటీ సంచిలోకి వెళ్ళాయి. ఒక్కటి మిగిలింది. గంపలు వెతికింది, డ్రయ్యర్ల వెనక చెయ్యి పెట్టి చూసింది, రెండోది లేదు. ఒంటిది చారిటీవాళ్ళు తీసుకోరు. జతలేనివాటి పట్టీ తీసే పద్ధతి కూడా లేదు, ఎప్పుడైనా మనిషి వచ్చి అడుగుతాడేమోనని.

దీపం ఆర్పి లీలారాణి వెళ్ళిపోయింది. కిటికీ కింద బుట్టలో అన్నిటికంటే పైన నేవీబ్లూ సాక్సు ఒకటి పడి ఉంది, మడమ దగ్గర అరిగి, లోపలి అంచున తెల్లటి పట్టీతో: కాన్సిడైన్, 14.